సాగరము దాటిన దాస్యగీతములు

అమెరికాలో అంతర్యుద్ధము ముగిసిన మరుసటి యేట, 1866లో, బానిసత్వమునుండి విముక్తులైన నల్లజాతివారి విద్యకై టెన్నెస్సీ రాష్ట్రమందలి నాష్‌విల్ నగరమున నెలకొన్న ఫిస్క్ విద్యాలయము కొలదికాలమునకే ధనాభావముచే మూతపడు స్థితికి రాగా, దాని కోశాధికారియు సంగీతబోధకుడునగు జార్జ్ వైట్ 1871లో తొమ్మండుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని గానయాత్రకు వెడలెను.

వారిలో పెక్కుమంది పుట్టుబానిసలు. తమ తలిదండ్రులు పొలములలో చెమటోడ్చుచు పాడుకొనిన భక్తిగీతములను పరుల యెదుట పాడుటకు తొలుత వారికి మనసొప్పలేదు; అవి వారికి పరమపవిత్రములు, పైగా దాస్యస్మృతితో పెనవేసికొన్నవి. ఆ సంకోచము గౌరవింపదగినదే. కాని సభల హృదయములను ద్రవింపజేసినవి తుదకు ఆ గీతములే!

1873లో వారు ఇంగ్లండు చేరి విక్టోరియా రాణి సమక్షమున పాడిరి. వాద్యఘోషపై నాధారపడక, గుసగుసవలె మొదలయ్యు, కడపటి వరుసలో కూర్చున్నవానికిని అక్షరమక్షరము వినవచ్చునంతటి ఆ సన్నని మేళవింపును వైట్ ఎంతయో ఓర్పుతో వారికభ్యసింపజేసెను. బానిసత్వమన నేమో యెరుగని శ్రోతలకు సైతము ఆ వేదన అవగతమగుటకు, నా యభిప్రాయమున, ఈ నిగ్రహమే ముఖ్యకారణము.

ఆ యాత్రలవలన సమకూడిన ధనముతో ఫిస్క్ విద్యాలయమున నిర్మితమైన జూబిలీ హాలు 1876లో ప్రారంభమయ్యెను. అనంతరము ఆ గాయకులలో ఒకడగు ఫ్రెడరిక్ లౌడిన్ నాయకత్వమున ఒక బృందము ఆస్ట్రేలియాకును మన భారతదేశమునకును వచ్చినది. ఆ విద్యాలయ గాయకుల పాటలు 1909లోనే రికార్డులకెక్కినవి; అవకాశము దొరకినపుడు తప్పక వినుడు.