పిల్లుల్లో మూత్రపిండ వ్యాధి

ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే అనంతపురం పీఠభూమిలో పెంపుడు పిల్లి తక్కువ నీటితో నెట్టుకురాగలగడానికి కారణం, ఆఫ్రికా, పశ్చిమాసియా పొడి నేలల అడవిపిల్లి సంతతి కావడం వల్ల దాని మూత్రపిండాలు మూత్రాన్ని బాగా చిక్కబరచగలగడమే. వయసు మీరిన పిల్లుల్లో ఈ శక్తి క్రమంగా, తిరిగి రాని విధంగా క్షీణించడాన్ని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అంటారు.

పిల్లి మాటిమాటికీ నీళ్లు తాగుతూ, ఎక్కువగా మూత్రం పోస్తూ చిక్కిపోతుంటే ఎండల ప్రభావమని సరిపెట్టుకోవడం పొరపాటు. రక్తంలో చేరే క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం, మూత్రపిండాల సామర్థ్యం దాదాపు ముప్పాతిక వంతు పోయాక గాని స్పష్టంగా పెరగదు కనుక, నిపుణులు మూత్రం చిక్కదనాన్ని, రక్తపోటును, అంతకంటే ముందే పెరిగే ఎస్‌డీఎంఏ అనే సూచికను కూడా పరిశీలించి వ్యాధి దశను నిర్ణయిస్తారు. ఇటువంటి దశలు నాలుగు.

పోయిన కణజాలాన్ని ఏ మందూ తిరిగి తేలేదు. అయినా భాస్వరం తగ్గించిన ప్రత్యేక ఆహారం, చర్మం కింద ఎక్కించే సెలైన్, రక్తపోటుకు ఆమ్లోడిపిన్ వంటి మందులు సకాలంలో అందితే పిల్లి మరికొన్నేళ్లు హాయిగా జీవించవచ్చు. సొంత వైద్యం మాత్రం ప్రమాదకరం; మనుషులు వాడే పారాసిటమాల్ ఒక్క మాత్రయినా పిల్లి ప్రాణం తీయగలదు. ఊళ్లో పరీక్షల సౌకర్యం లేనివారు 1955లో ఏర్పడిన తిరుపతి పశువైద్య కళాశాలను సంప్రదించవచ్చు.