చేతికి అందే రహస్యం



కామాఠీలని పిలువబడిన మన తెలుగు కూలీల పేరే కామాఠీపురాకు స్థిరపడింది. ఈ ఇరుకు గల్లీలలో పక్కచక్రాలు బిగించిన స్కూటర్లు రాత్రంతా ఆరుబయటే ఉంటాయి. నడవలేని మనిషికి అవి కాళ్లు. అటువంటి బండి పోయిందన్న ఫిర్యాదును అనువదించిన రోజున నాకు ‘వాహనం’ అనే మాట చాలలేదు.

తాళం ఒక్కటే ఉన్న బండిని దొంగ సులువుగా లొంగదీయగలడు. అందుచేత స్పార్క్‌ప్లగ్గుకు విద్యుత్తు చేరకుండా ఆపే చిన్న స్విచ్చిని వేరొక చోట రహస్యంగా అమర్చుకుంటారు. అప్పుడు కిక్కు కొట్టినా ఇంజను పలకదు.

మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, స్విచ్చి కూర్చున్నవారి చేతికి అందాలి. అయితే దారిలో మోకాలో సంచో తగిలి ఇంజను ఆగరాదు. రెండవది, వాన తగలని చోట, అతుకులు వదులు కాకుండా, తెలిసిన మెకానిక్కే అమర్చాలి. బ్రేకు, లైట్ల తీగలను ముట్టరాదు. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్.-6 బండ్లకు సర్వీసు సెంటరును అడగనిదే తీగ కోయరాదు. మూడవది, ఇంట్లో నమ్మకమైన ఒకరికి ఆ చోటు తెలియాలి. మీరు జబ్బుపడిన రాత్రి బండిని తీయవలసినది వారే.

స్విచ్చి ఇంజనును ఆపుతుంది గాని, తోసుకుపోయేవారిని ఆపదు. కనుక బండిని గొలుసుతో స్తంభానికి కట్టండి. బీమా రాయితీ ఏ.ఆర్.ఏ.ఐ. ఆమోదించిన పరికరానికే వర్తిస్తుంది.

అయినా పోతే వెంటనే 112కు ఫోను చేయండి. ఫిర్యాదులో బండి నంబరుతో పాటు, ఆ బండే మీ కాళ్లని కూడా వ్రాయించండి.