చవక కరెంటు బండి – అసలు లెక్క

(శాఖ సర్వసభ్య సమావేశంలో ఒక రైల్వే టెక్నీషియన్ చేసిన ప్రసంగ పాఠం)



జీతభత్యాలు, ఖాళీల భర్తీ, పెన్షను వంటి గంభీర విషయాలపై పెద్దలు మాట్లాడిన పిమ్మట నన్ను బండిని గురించి మాట్లాడమన్నారు. ఇది చిన్న విషయంగా తోచవచ్చును. కాని యీ హాలు వెలుపల నిలిపివున్న బండ్లలో పదకొండు చార్జింగ్ బండ్లున్నవి. లోపలికి వస్తూ లెక్కపెట్టాను. ఒకప్పుడు ఇదే సమావేశానికి నాదొక్కటే వచ్చేది. గత నెలలో నలుగురు మిత్రులు "అన్నా, కొనమంటావా, వద్దంటావా?" అని అడిగారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం కంటె అందరికీ ఒకేసారి చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు.

నా కాపురం విజయవాడ సింగ్‌నగర్‌లో. డ్యూటీకి తొమ్మిది కిలోమీటర్లు. ఉదయం ఆరుగంటల షిఫ్టుకు ఐదుంబావుకు ఇల్లు కదలాలి. ఆ వేళ బస్సు దొరికితే అదృష్టం. షేర్ ఆటో నిండితేగాని కదలదు. పాత స్కూటరు పూర్తిగా మూలపడింది. పెట్రోలు ధర నిత్యం పెరుగుతున్న రోజులవి. 2021 జనవరిలో సొసైటీ అప్పు తీసుకొని 48 వేల రూపాయలకు ఒక కరెంటు బండి కొన్నాను. పెట్రోలు స్కూటరుకు కావలసిన సొమ్ములో అది సగానికి కాస్త ఎక్కువ.

ఇంత చవకగా దొరికే బండి ఏ తరగతికి చెందినదో మొదట తెలుసుకోవాలి. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోలకు మించకుండా వున్న బండిని చట్టం మోటారు వాహనంగా పరిగణించదు. దానికి రిజిస్ట్రేషను లేదు, లైసెన్సు అక్కరలేదు. వేగం కావాలనుకునేవారికి ఇది పనికిరాదు. సింగ్‌నగర్ ఫ్లైఓవరుపై ఒక్కణ్ణే వెళితే ఎక్కుతుంది. వెనుక నా భార్య కూర్చుంటే సైకిళ్ళవాళ్ళు నన్ను దాటి పోతారు. దుకాణదారు ఒక వైరు తీసివేస్తే నలభై వస్తుందని ఆశ పెడతాడు. ఆ వైరు తీసిన క్షణం నుంచి మీది రిజిస్ట్రేషను లేని మోటారు వాహనం. ప్రమాదం జరిగితే జవాబు చెప్పుకోవలసింది మీరే, అతడు కాదు. హెల్మెట్టు మాత్రం చట్టం అడిగినా అడగకపోయినా పెట్టుకోండి.

మొదటి బండిలో నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలు: 48 వోల్టులు, 28 ఆంపియర్ అవర్లు. ఈ రెండింటిని హెచ్చవేస్తే 1,344 వాట్ అవర్లు, అనగా యూనిట్టు, యూనిట్టులో మూడోవంతు. దుకాణంలో అరవై కిలోమీటర్లన్నారు. కొత్తలో నలభై వచ్చింది. ఏడాది తిరిగేసరికి ముప్ఫైకి దిగింది. పద్ధెనిమిది నెలలకు రానూపోనూ పద్ధెనిమిది కిలోమీటర్లు కూడా లాగలేక, ఒక రాత్రి డ్యూటీ తర్వాత ఫ్లైఓవరు మధ్యలో ఆగిపోయింది. తెల్లవారుజామున బండిని తోసుకుంటూ ఇంటికి చేరాను. తప్పు కొంత నాదే. బోగీల బ్యాటరీలు చూసే మన ట్రెయిన్ లైటింగు మిత్రులను ముందే అడిగివుంటే చెప్పేవారు: లెడ్ యాసిడ్ బ్యాటరీని ఖాళీచేసి అలా వదిలిపెడితే పలకలపై సల్ఫేటు గట్టిపడి, అది మళ్ళీ నిండుగా చార్జి కాదు. నేను రాత్రి వచ్చి పడుకొని, సాయంత్రం ఎప్పుడో ప్లగ్గు పెట్టేవాణ్ణి.

ఇక లెక్క చూద్దాం. దీనికోసమే నేనిక్కడ నిలబడ్డాను. నెలకు 26 రోజులు, రోజుకు 18 కిలోమీటర్లు, మొత్తం 468. గోడ ప్లగ్గు వద్ద కొలిస్తే యూనిట్టుకు 25 కిలోమీటర్లు వస్తున్నది. అనగా నెలకు 19 యూనిట్లు. ఆరు రూపాయల చొప్పున 114 రూపాయలు. అదనపు యూనిట్లు ఇంటి బిల్లులో పై శ్లాబులో పడతాయని మరువకండి. వేసవిలో ఫ్యాన్లు, కూలరు తిరిగే నెలల్లో నాకు ఇంకా ఎక్కువే పడింది. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే స్కూటరైతే నెలకు పది లీటర్లపైన కావాలి. లీటరు 108 రూపాయల చొప్పున వేసినా 1,120 రూపాయలు. నెలకు వెయ్యి మిగిలినట్లే కదా అని సంబరపడ్డాను. కాని కొత్త లెడ్ యాసిడ్ బ్యాటరీలకు 14 వేలవుతుందన్నారు. ఆ మొత్తాన్ని పద్ధెనిమిది నెలలకు పంచితే నెలకు 780. మిగిలింది 220 రూపాయలు! పెట్రోలు ఖర్చు రోజూ కంటికి కనబడుతుంది. బ్యాటరీ ఖర్చు కనబడదు, ఒక్కసారే వచ్చి మీదపడుతుంది.

అందుచేత రెండోసారి నేను లెడ్ యాసిడ్ తీసుకోలేదు. 2022 జులైలో 24 వేలు పెట్టి, వ్రాతపూర్వకంగా మూడేళ్ళ వారంటీ తీసుకొని, లిథియం బ్యాటరీ వేయించాను. దానితోపాటు చార్జరు కూడా మార్పించాను; లెడ్ యాసిడ్ చార్జరుతో లిథియంను చార్జి చేయడం నిప్పుతో చెలగాటం. మూడేళ్ళు దాటింది, ఇప్పటికీ ముప్ఫై కిలోమీటర్లు లాగుతున్నది. నాలుగేళ్ళు వస్తుందనుకుంటే నెలకు 500. అప్పుడు నిజంగా మిగిలేది ఐదు వందల పైచిలుకు. కొనబోయే మిత్రులు బండి ధర అడగడానికి ముందు బ్యాటరీ ధర, దాని వారంటీ అడగండి. "బండికి మూడేళ్ళు, బ్యాటరీకి ఏడాది" అన్న దుకాణం నుంచి లేచి వచ్చేయండి.

ఇక్కడ ప్రభుత్వ విధానం గురించి ఒక మాట అనక తప్పదు. 2019 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఫేమ్ రెండో దశ పథకంలో రాయితీ పొందాలంటే బండికి కనీసం 40 కిలోమీటర్ల వేగం, ఒక్క చార్జితో 80 కిలోమీటర్ల ప్రయాణశక్తి వుండాలన్నారు. అనగా లక్ష పెట్టగలిగినవానికి వేల రూపాయల రాయితీ. 48 వేలకు అప్పుచేసినవానికి పైసా లేదు. 2019 ఆగస్టు 1 నుంచి విద్యుత్ వాహనాలపై జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, అది మనకూ అందింది, కాదనను. కాని బ్యాటరీని విడిగా కొన్నప్పుడు? లిథియంపై 2018 జులై నుంచి 18 శాతం. లెడ్ యాసిడ్‌పై 2025 సెప్టెంబరు దాకా 28 శాతం, ఆ తర్వాత 18. బండి ఒక్కసారి కొంటాము, బ్యాటరీ మళ్ళీ మళ్ళీ కొంటాము. పన్ను అధికంగా వేసింది ఆ మళ్ళీ మళ్ళీ కొనేదానిపైనే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఏమయిందని చాలామంది అడుగుతున్నారు. నీరు గుమ్మం దాటుతుండగా బ్యాటరీ పెట్టెను ఊడదీసి మేడమీదికి మోసుకుపోయాను. అది పది కిలోల లోపే. అదే పాత లెడ్ యాసిడ్ అయితే నాలుగూ కలిసి ముప్ఫై కిలోలు దాటేవి, వాటిని వదిలిపెట్టవలసివచ్చేది. బండి రోజుల తరబడి నీళ్ళలో వుండిపోయింది. కంట్రోలరు పాడైంది, చక్రం బేరింగులు తుప్పుపట్టాయి. రెండింటికీ కలిపి మూడు వేల ఐదు వందలయింది. పక్కింటి పెట్రోలు స్కూటరు ఇంజనులో బురద చేరి అంతకంటె ఎక్కువే ఖర్చయింది గనుక దీన్ని కరెంటు బండి దోషమనలేను.

తపాలా మిత్రులకొక మాట. నా బావమరిది పల్లెటూళ్ళు తిరిగే పోస్టుమాన్. అతడు బండి కాకుండా, పెడలు తొక్కితే మోటారు తోడ్పడే సైకిలు కొన్నాడు. దాని బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు, యూనిట్టులో మూడోవంతుకు కాస్త ఎక్కువ. అతడి మాటల్లో చెప్పాలంటే, "ఎదురుగాలి వచ్చినప్పుడు వెనకనుంచి ఎవరో చెయ్యివేసినట్టుంటుంది బావా." చార్జి అయిపోతే మామూలు సైకిలే; సంచి ఇంటికి చేరుతుంది. రోజుకు ఇరవై కిలోమీటర్ల లోపు తిరిగేవారికి, ఎత్తు తక్కువ వున్న ప్రాంతాలవారికి నేను దీన్నే సూచిస్తాను. ఏడవ వేతన సంఘం సైకిలు అలవెన్సును రద్దుచేయమన్నది; 2017లో ప్రభుత్వం దానిని పోస్టుమాన్లకు, రైల్వే ట్రాక్‌మాన్లకు మాత్రం నిలిపి, 90 నుంచి 180 రూపాయలు చేసింది. ఆ 180తో పంక్చర్లు పోతాయి, బ్యాటరీ రాదు. అలవెన్సు సైకిలు కోసం లెక్కగట్టినది. పని మాత్రం సైకిలు కాలం దాటిపోయింది.

చివరగా నాకు నిద్రపట్టనివ్వని విషయం చెబుతాను. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోను, మా విజయవాడలోను ఇళ్ళలో చార్జి పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. పడుకున్న గదిలో, రాత్రివేళ. తర్వాత ఏఐఎస్–156 ప్రమాణాలను కఠినం చేసి, 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమలులో పెట్టారు. మన చవక బండ్లు మోటారు వాహనాల లెక్కలోకి రావు గనుక, బ్యాటరీకి ఆ ప్రమాణం వున్నదా అని కొనేవాడే నిలదీసి అడగాలి. ఎండనపడి వచ్చిన బ్యాటరీని గంటసేపు చల్లారనివ్వండి. గుమ్మానికి అడ్డంగా, మంచం పక్కన, నిద్రపోతూ, ఎన్నడూ చార్జి పెట్టకండి.

ఇదంతా చెప్పడం సులభం. ఒక యువ సహోద్యోగి ఒంటిగది అద్దె ఇంట్లో భార్యతో, పసిబిడ్డతో వుంటున్నాడు. కింద ప్లగ్గు పెట్టడానికి ఇంటివారు ఒప్పుకోరు. గుమ్మం ఒక్కటే, మంచం ఒక్కటే. బ్యాటరీ ఎక్కడ పెట్టమంటారు? పనిచోట పెట్టుకుందామంటే, "సొంత వాహనానికి ప్రభుత్వ విద్యుత్తా?" అని ఒక అధికారి కసిరాడు. 25 వేల వోల్టుల తీగ కింద బండ్లు నడిపే సంస్థలో 48 వోల్టుల బ్యాటరీకి చోటు లేదు! మన చార్జరు తీసుకునేది మూడు వందల యాభై వాట్ల లోపు. ఇస్త్రీపెట్టెలో సగం కూడా కాదు.

మనం ఉచితంగా అడగడం లేదు. సైకిలు స్టాండులో గోడకు దూరంగా రేకుల నీడ, విడి మీటరు, ప్రతి ప్లగ్గుకు బ్రేకరు, ఒక అగ్నిమాపక సిలిండరు. యూనిట్ల సొమ్ము వాడుకున్నవారే చెల్లిస్తారు. విశ్రాంతి గదుల్లో, లాకర్ల గదుల్లో చార్జింగును మనమే నిషేధిద్దాం. ఈ మేరకు ముసాయిదా తీర్మానం కార్యదర్శిగారి వద్ద వున్నది. అద్దె ఇళ్ళలో వుండే సభ్యులు మొదట సంతకం చేయాలని నా మనవి.

నా బండి గేటుకు ఎడమపక్కన వున్నది. బ్యాటరీ విప్పి చూపుతాను, చార్జరుమీద ఏమేమి చదవాలో చెబుతాను. రెండు గంటల షిఫ్టువారు ముందుగా రండి. మిగతావారికి తీరిగ్గా చూపిస్తాను.