డబ్బాకు ఎన్నాళ్ళు గుర్తుంటుంది?



పోయిన వారం మీలో ఒకరు నన్ను అడిగారు. "టీచరమ్మా, మా ఇంటికి కెమెరాలు పెట్టించాం. టీవీ కింద ఒక నల్ల డబ్బా పెట్టి పోయారు. అదేం చేస్తుంది?" అని. ఆ రోజు పొద్దుపోయి చెప్పలేకపోయాను. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ఆ డబ్బా పేరు డి.వి.ఆర్. కెమెరా చూస్తుంది. చూసినదాన్ని డబ్బా దాచిపెడుతుంది. కెమెరా కన్ను అయితే డబ్బా జ్ఞాపకం. ఆ జ్ఞాపకం ఎన్నాళ్ళుంటుందో ముందే తెలుసుకోకపోతే ఏమవుతుందో మా మేనత్త ఇంట్లో చూశాను.

మా అత్తకు ఇంటి ముందుగదిలో చిల్లర కొట్టు ఉంది. మామయ్య పోయాక దాని మీదే ముగ్గురు పిల్లల్ని పెంచింది. 2019లో కొట్లో దొంగలు పడ్డారు. అప్పుడు నాలుగు కెమెరాలు పెట్టించింది. కొట్లో ఒకటి, వాకిట్లో ఒకటి, పెరట్లో ఒకటి, పక్క సందులోకి ఒకటి.

2023లో అత్త ఒకాయన దగ్గర చేసిన అప్పు తీర్చింది. అసలు, వడ్డీ కలిపి 40,000 రూపాయలు. ఆయన కొట్టుకే వచ్చాడు. బల్ల మీద నోట్లు లెక్కపెట్టుకున్నాడు. "ప్రామిసరీ నోటు ఇంట్లో మరిచాను. రేపు తెచ్చి నీ ముందే చింపేస్తాను" అన్నాడు. అత్త రసీదు అడగలేదు. పైన కెమెరా చూస్తోంది గదా, ఎక్కడికి పోతాడు అనుకుంది.

రేపన్నవాడు వారం దాటినా రాలేదు. తొమ్మిదో రోజున అత్తే వాళ్ళింటికి వెళ్ళింది. "ఏ డబ్బు?" అన్నాడాయన.

అత్త పరుగున ఇంటికొచ్చింది. కెమెరాలు బిగించిన కుర్రాణ్ణి పిలిపించింది. అతను టీవీలో తేదీలు తిప్పి చూశాడు. ఆ తేదీ లేదు. ఐదు రోజుల వెనక వరకే బొమ్మ ఉంది. "డిస్కు నిండిపోయింది పిన్నీ. నిండాక పాతది చెరిపేసి కొత్తది రాసుకుంటుంది" అన్నాడు. "ఆ ముక్క పెట్టిన రోజున చెప్పొద్దుట్రా?" అంది అత్త. "మీరు అడగలేదు గదా" అన్నాడు.

పెద్దమనుషుల్లో పెట్టారు. సగమైనా కట్టమన్నారు. అత్త 20,000 రూపాయలు రెండోసారి కట్టింది.

డబ్బా ఎందుకు చెరిపింది? దాని లోపల హార్డ్ డిస్కు అనేది ఒకటి ఉంటుంది. అరచేతికంటే కొంచెం పెద్దది, ఇనప బిళ్ళలా బరువుగా ఉంటుంది. అది గరిసె లాంటిది. గరిసె నిండితే మనం గింజలు పోయడం ఆపుతాం. ఇది ఆపదు. పాత గింజలు పారబోసి కొత్తవి పోసుకుంటుంది. మనకు చెప్పదు.

గింజల్ని బస్తాల్లో కొలుస్తాం. డిస్కును జీ.బీ.లలో కొలుస్తారు. 1000 జీ.బీ.లు కలిస్తే 1 టీ.బీ. డిస్కు మీద అంటించిన చీటీలో ఆ అంకె ఉంటుంది. ఇంగ్లీషు రాకపోయినా అంకె చదవగలం. అత్త డిస్కు మీద 500 అని ఉంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. అత్త కెమెరాలు 2 మెగాపిక్సెల్ రకం. ఆమె డబ్బాలో ఉన్న అమరికతో ఒక్కో కెమెరా గంటకు సుమారు 0.9 జీ.బీ. తింటుంది. రోజుకు 24 గంటలు. అంటే ఒక కెమెరాకు రోజుకు 21 జీ.బీ.ల పైమాటే. నాలుగింటికీ కలిపి 86. ఇక 500ని 86తో భాగించండి. ఆరు రోజులు కూడా నిండవు.

అత్త ఈ లెక్క నా ముందే కాయితం మీద వేసింది. వేసి, కాసేపు మాట్లాడలేదు. "ఇంత చిన్న భాగారమా! ఇది తెలియకనా ఇరవై వేలు పోగొట్టుకున్నాను" అంది.

అదే లెక్కన 1 టీ.బీ. డిస్కు అయితే 11 రోజులొస్తుంది. 2 టీ.బీ. అయితే 23 రోజులు. 4 టీ.బీ. అయితే నెలన్నర.

ఎన్నాళ్ళది దాచుకోవాలి? పోలీస్ స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని, ఆ బొమ్మలు 18 నెలలు ఉంచాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు చెప్పింది. అంత పెద్ద డిస్కులు దొరక్కపోతే కనీసం ఏడాదైనా ఉంచాలంది. మన ఇళ్ళకు అంత అక్కర్లేదు. మూడు నాలుగు వారాలుంటే చాలావరకు సరిపోతుందని నా లెక్క. గొడవ ఏదైనా వచ్చేది ఆలోపే.

కొత్త డిస్కు కొనకముందు ఖర్చు లేని పని ఒకటుంది. డబ్బా మెనూలో హెచ్.264, హెచ్.265 అని రెండు పద్ధతులు ఉండవచ్చు. రెండోది పెడితే అదే బొమ్మ దాదాపు సగం చోటులో ఇముడుతుంది. అత్త డబ్బాలో ఆ రెండోది లేదు. ఇంకొకటి, ఏదైనా కదిలినప్పుడు మాత్రమే రాసుకోమని చెప్పొచ్చు. ఇందులో ఒక చిక్కుంది. చీకట్లో, దూరంలో కదిలింది దానికి ఒక్కోసారి తెలియదు. అందుకని అత్త పెరటి కెమెరాకు మాత్రమే అలా పెట్టించింది. కొట్టు కెమెరా రాత్రీ పగలూ రాస్తూనే ఉంటుంది.

తరవాత టౌనుకు పోయి 2 టీ.బీ. డిస్కు తెచ్చాం. మన డబ్బా ఎంత పెద్ద డిస్కును తీసుకుంటుందో దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అది చూసే కొనాలి. రాత్రీ పగలూ రాయడానికే చేసిన డిస్కులు వేరే ఉన్నాయి. "సీసీ కెమెరా డిస్కు" అని అడిగితే ఇస్తారు. వాడిన డిస్కుకు కొత్త చీటీ అంటించి అమ్మేవాళ్ళూ ఉన్నారు. బిల్లు రాయించుకోండి. డిస్కు మీది నంబరూ బిల్లు మీది నంబరూ ఒకటేనా చూసుకోండి. అత్త రెండుసార్లు చూసింది.

బిగించడం నేనే చేశాను. మెనూలో ఆపి, తరవాత ప్లగ్గు పీకాను. మూత తీస్తే డిస్కుకు రెండు తీగలుంటాయి. వెడల్పుది కరెంటుకు, సన్నది బొమ్మకు. తిరగేసి పెడితే ఎక్కవు. బలవంతం చేయకూడదు. అడుగున నాలుగు మరలు. అంతే.

డబ్బా వెయ్యగానే "ఫార్మాట్ చేయనా?" అని అడిగింది. ఫార్మాట్ అంటే పలక తుడవడం. కొత్త డిస్కుకు అది కావాలి. పాత డిస్కుకు మాత్రం పొరపాటున కూడా నొక్కకండి. ఉన్నదంతా పోతుంది. అత్త తన పాత డిస్కును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది.

ఆ డబ్బా ఉండేది ఎక్కడో తెలుసా? గల్లాపెట్టె పక్కనే! దొంగ గల్లాతో పాటు దాన్నీ ఎత్తుకుపోతే ఇక కెమెరాలెందుకు? దాన్ని లోపలి గదిలోకి, గాలి ఆడే అలమరలోకి మార్చాం. కరెంటు పోతే రాత ఆగిపోతుంది గనక ఇన్వర్టరుకు కలిపాం.

ఇక నెట్టు సంగతి. హైదరాబాదులో ఉన్న మా బావ, అంటే అత్త పెద్దకొడుకు, డబ్బాకు నెట్టు కలపమన్నాడు. వైఫై డబ్బా నుంచి దీనికి ఒక తీగ వేస్తే చాలు. ఫోనులో యాప్ పెట్టుకుని, డబ్బా మీది గళ్ళ బొమ్మను ఫోనుకు చూపిస్తే కెమెరా ఫోనులో కనపడుతుంది. నెట్టుతో గడియారం కూడా తనంతట తను సరిచేసుకునేలా పెట్టుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదు. అత్త డబ్బాలో తేదీ రెండు నెలలు వెనక నడుస్తోంది! బొమ్మ ఉన్నా తేదీ తప్పయితే ఎవరు నమ్ముతారు?

నెట్టు పెట్టి వారం కాలేదు. బావ ఫోను చేశాడు. "అమ్మా, రెండింటికే కొట్టు మూసావేం?" అత్తకు ఒళ్ళు మండింది. "నా కొట్టు, నా నడుము. కాసేపు వాలకూడదా?" అంది. నాలుగో రోజున పక్కింటి వదిన వచ్చింది. సందు కెమెరాలో వాళ్ళ స్నానాల దడి కనపడుతుందట. ఇదివరకు అత్త టీవీలోనే కనపడేది. ఇప్పుడు ఊరుగాని ఊళ్ళో ఫోనులోనూ కనపడుతుంది. ఆమె అడిగింది న్యాయమే. అదే పూట నిచ్చెన వేసి కెమెరాను గోడవైపు తిప్పించాం.

అప్పుడే పాస్‌వర్డు కూడా మార్చాం. చాలా డబ్బాలకు మొదట 'అడ్మిన్', 12345 లాంటివే ఉంటాయి. బిగించినవాడికి తెలుసు, లోకానికంతా తెలుసు. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము ఇలా పాస్‌వర్డు మార్చని కెమెరాలను, డబ్బాలను లక్షల్లో పట్టుకుంది. వాటితో అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను గంటల తరబడి ఆపేశారు. ఆ డబ్బాల సొంతదారుల్లో చాలామందికి తమ డబ్బా అందులో ఉందని కూడా తెలియదు.

అత్త కొత్త పాస్‌వర్డు తనే పెట్టింది. ఊరి పేరు, పుట్టిన రోజు పెట్టలేదు. అదేమిటో నాకూ తెలియదు. బావకు వాకిలి కెమెరా ఒక్కటే చూసే వీలు ఇచ్చింది. అతను నాలుగు రోజులు మాట్లాడలేదు. తరవాత మాట్లాడాడు.

ఒక మాట మరవకండి. ఫోనులో కనపడినా బొమ్మ దాగేది డబ్బాలోనే. ముఖ్యమైనది ఏదైనా జరిగితే అదే రోజు పెన్ డ్రైవులోకి నకలు తీయించండి. కోర్టుకు నకలు ఇవ్వాలంటే దానితో ధ్రువపత్రం కూడా కావాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్‌లో ఆ సంగతి ఉంది. వకీలును అడిగితే రాసిస్తారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం అత్త టీవీ ముందు కూర్చుని అన్నిటికంటే పాత తేదీ ఏదో చూస్తుంది. మొన్న 26 రోజుల వెనక్కి ఉంది. డబ్బు ఎవరికిచ్చినా ఇప్పుడు రసీదు తీసుకుంటోంది, అది వేరే సంగతి.

వచ్చే వారం మీ డబ్బా పుస్తకం, బిల్లు తీసుకురండి. ఎన్ని కెమెరాలు, ఎన్ని జీ.బీ.లు అని చూసుకుని, ఎవరి డబ్బాకు ఎన్ని రోజులొస్తుందో ఇక్కడే భాగారాలు చేద్దాం. పలకలు మరవకండి.