అన్ని కామెర్లకూ పసరే మందా?



చెరువు తూము పూడితే నీళ్లు కాలువలోకి రావు. మన కడుపులోనూ అట్లాంటి తూము ఉంది. కార్జంలో ఊరే పైత్యరసం సన్నని గొట్టం గుండా పేగులోకి దిగుతుంది. పైత్యపు తిత్తిలోని రాళ్లు జారి ఒరుసుకుంటే ఆ గొట్టం మూతి గట్టిపడి ఇరుకు కావచ్చు. అప్పుడు పైత్యరసం వెనక్కి తన్ని రక్తంలో కలుస్తుంది.

కళ్లు పచ్చబడతాయి. మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది. మలం తెల్లబడుతుంది. ఒళ్లంతా దురద, కుడి డొక్కలో నొప్పి.

ఈ కామెర్లు పసరుతో తగ్గవు. చేతికి వాత పెట్టినా మూతి తెరుచుకోదు. చలిజ్వరం కూడా వస్తే ప్రాణానికే ముప్పు.

వెంటనే అనంతపురం పెద్దాసుపత్రికి పోండి. రక్తపరీక్ష, స్కానింగ్ చేయించుకోండి. అవసరమైతే నోటి గుండా గొట్టం పంపి, పొట్ట కోయకుండానే మూతిని వెడల్పు చేస్తారు. ఈ పద్ధతి 1974 నుంచి ఉంది. అందుకోసం డాక్టర్లు వేరే ఊరికి పంపితే వెనకాడకండి.