తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?



మొన్నటి యువజన సమావేశంలో నేను మాట్లాడింది రాసి పెట్టమని చాలామంది అడిగారు. అక్కడ సగం గోండిలో, సగం తెలుగులో మాట్లాడాను. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. టైం లేక అక్కడ వదిలేసినవి కొన్ని కలిపాను.

నాకిచ్చిన అంశం ఆశ్రమ పాఠశాలల్లో భద్రత. ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లు చేతులెత్తండి అంటే దాదాపు హాలంతా ఎత్తింది. ఇది చదువుతున్న మీలో కూడా చాలామంది అక్కడి నుంచే వచ్చి ఉంటారు. అందుకే బడి ఎట్లుంటదో నేను చెప్పక్కర్లేదు. రేకుల పెట్టె, దానికి చిన్న తాళం, ఆ తాళంచెవి మెడలో దారానికి. గుర్తుందా? ఆ బడిలో మన చేతిలో ఉన్న తాళంచెవి అదొక్కటే. మిగతావన్నీ వేరేవాళ్ల దగ్గరే.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు రాత్రి తొమ్మిదికి మా హాలుకు బయట నుంచి తాళం పడేది. ఆడపిల్లలు కదా, భద్రత అనేవాళ్లు. లోపల ఎనభై మందిమి. తాళంచెవి వార్డెన్ మేడం దగ్గర. మేడం చాలా రాత్రులు మండల కేంద్రంలోనే ఉండేది. వాచ్‌మన్ ముందర గేటు కాడ. వానాకాలంలో ఒక రాత్రి నా పక్కన పడుకునే పిల్లకు చలిజ్వరం వచ్చింది. ముందు వణికింది, తర్వాత ఒళ్లు కాలిపోయింది, ఆ తర్వాత గోండిలో ఏదేదో మాట్లాడుతూ వాళ్ల అవ్వను పిలిచింది. మేం తలుపు కొట్టాం. చేతులు నొప్పి పుట్టి కంచాలతో కొట్టాం. వాన చప్పుడులో వాచ్‌మన్‌కు వినపడలేదో, వినపడినా తాళంచెవి లేదు కదా అని ఊకున్నాడో తెలియదు. పొద్దున ఆరింటికి తలుపు తీసి ఆటోలో పీహెచ్‌సీకి తీసుకపోయారు. మలేరియా అన్నారు. బతికింది. వాళ్ల బాపు వచ్చి పెట్టె నెత్తిన పెట్టుకుని బిడ్డను తీసుకపోయాడు. మళ్లీ బడికి రాలేదు. ఇప్పుడు ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దోడిని ఆశ్రమ పాఠశాలకు పంపనంటది. పోయి నచ్చజెప్పమని నన్నే పంపిస్తున్నారు ఊరోళ్లు.

ఆ రాత్రి తలుపు కొట్టినందుకు మరునాడు ప్రేయర్‌లో మమ్మల్ని నిలబెట్టారు. రేకు తలుపు సొట్టపోయిందట.

ఇదంతా పాత ముచ్చట, ఇప్పుడు మారింది అంటారేమో. నిజమే, మారింది. పోయిన ఏడు మా చిన్నాన్న బిడ్డను చూడటానికి వాళ్ల బడికి పోయాను. గేటు దగ్గర కెమెరా, వరండాలో కెమెరా, అన్నం తినే హాల్లో కెమెరా. ప్రిన్సిపాల్ గదిలో పెద్ద టీవీ, దాని మీద అన్నీ గళ్లు గళ్లుగా కనిపిస్తున్నాయి. హాజరు కూడా ముఖం చూసి వేస్తున్నారు. నేను లోపలికి పోవడానికి మాత్రం గంటన్నర పట్టింది. రెండో ఆదివారం తప్ప కలవనియ్యమన్నారు. నేను పోయింది అంగడి రోజు. మన ఊళ్ల నుంచి బస్సు దొరికేది, చేతిలో నాలుగు రూపాయలు ఉండేది అంగడి రోజే కదా. రెండో ఆదివారం అని పెట్టినోళ్లకు ఈ సంగతి తెలియదు, ఎవరూ చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

చెల్లి గేటు కాడికి వచ్చి మాట్లాడింది. మధ్యమధ్యలో పైకి చూస్తోంది. ఎందుకే అంటే, కెమెరా ఉందక్కా అంది. అంతకుముందు నెల అన్నంలో పురుగులు వస్తే ఇద్దరు పిల్లలు ఊరి నుంచి వచ్చినోళ్లకు కంచం చూపించారట. ఎవరు చూపించారో ఆ టీవీలో వెనక్కి తిప్పి చూసి పట్టుకున్నారు. పురుగులు ఎట్లా వచ్చాయో మాత్రం ఏ కెమెరాలోనూ చూడలేదు.

అందుకే నాకు ఈ భద్రత అనే మాట వింటే అనుమానం. పిల్లకు భద్రతా, బడి పేరుకు భద్రతా?

2024 అక్టోబరు చివర్లో కుమురం భీం జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ బాలికల పాఠశాలలో అన్నం తిన్న పిల్లలు పదుల సంఖ్యలో ఆసుపత్రి పాలయ్యారు. తొమ్మిదో తరగతి బిడ్డ ఒకామె హైదరాబాదు నిమ్స్‌లో ప్రాణాలతో కొట్టుకుని నవంబరు 25న చనిపోయింది. మరుసటి ఏడాది అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాంలో గిరిజన ఆడపిల్లల బడిలో కామెర్లు వందమందికి పైగా పిల్లలకు సోకాయి. ఇవి మనందరికీ తెలిసినవే. గోడ దూకి వచ్చిన దొంగ వల్ల జరిగినవి కావు ఇవి. మన పిల్లల్ని ఎక్కువగా తీసుకపోయేది తాగే నీళ్లు, తినే అన్నం, లేటుగా చూపించిన జ్వరం, పాము. వీటిలో ఏ ఒక్కదాన్నైనా ముందు కనిపెట్టేది పిల్లే. నీళ్లు వాసన వస్తున్నాయని, పక్క పిల్ల రెండు రోజులుగా తింటలేదని మొదట తెలిసేది పిల్లలకే. ఆ మాట బయటికి రావాలి, ఆ రోజే రావాలి. నోరు తెరిస్తే దొరికిపోతామన్న భయం పెట్టాక ఆ మాట ఎట్లా వస్తుంది?

పారిపోవడం గురించి కూడా చెప్పాలి. మనలో పారిపోనివాళ్లు ఎంతమంది? నేను రెండుసార్లు పోయాను. ఒకసారి మా ఊరి వాగు దాకా పోయి, వాగు పొంగితే వెనక్కి వచ్చాను. పిల్ల పారిపోతే బడిలో ఏమంటారు? అడవి పిల్లలు, నిలకడ ఉండదు అంటారు. గోడ ఇంకో రెండడుగులు పెంచుతారు, పైన ముళ్ల తీగ చుడతారు. ఎనిమిదేళ్ల పిల్లవాడు పది కిలోమీటర్లు అడవి దారిన నడిచి ఇంటికి వచ్చాడంటే వాడు ఏదో చెప్పడానికి వచ్చాడు. ఫోన్ లేదు, అవ్వ రాదు, సార్‌కు వాని భాష రాదు. కాళ్లతో చెప్పాడు. వచ్చినవాడిని ఇంట్లో మనం ఏం చేస్తున్నాం? రెండు తగిలించి మరుసటి బస్సుకు ఎక్కిస్తున్నాం. ఇందులో మన తప్పు కూడా ఉంది, ఒప్పుకోవాలి. ఈసారి వస్తే ముందు అన్నం పెట్టండి, తర్వాత ఎందుకొచ్చావు బిడ్డా అని మన భాషలో అడగండి. ఆ చెప్పింది తారీఖు వేసి ఒక కాగితం మీద రాసి పెట్టండి.

రాయిసెంటర్‌లో ఈ మాట అంటే ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు. "గేట్లు తీసేయమంటున్నావా బిడ్డా? రేపు ఆడపిల్లకు ఏదన్నా అయితే జవాబు నువ్వు చెప్తావా?" ఆయన మనవరాలు అక్కడే చదువుతోంది. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేను. ఆడపిల్లల మీద అఘాయిత్యాలు జరిగాయి. బయటివాళ్లు చేసినవీ ఉన్నాయి, లోపలివాళ్లు చేసినవీ ఉన్నాయి. గోడ వద్దని నేను అనను. లైట్లు కావాలి, రాత్రిపూట బడిలోనే ఉండే ఆయమ్మ కావాలి, గేటు బయట రోడ్డు వైపు చూసే కెమెరా ఉంటే ఉండనీయండి. కానీ పడుకునే హాలుకు బయట నుంచి తాళం వేయొద్దు. గడియ లోపల ఉండాలి. నిప్పంటుకుంటే, పాము దూరితే, జ్వరమొస్తే పిల్లలు తమంతట తాము బయటికి రాగలగాలి. లోపలివాళ్లే తప్పు చేస్తే ఎట్లా అంటారా? అప్పుడైతే ఆ టీవీ ఉన్నది ఎవరి గదిలోనో చూడండి. ఆ పిల్లకు పనికొచ్చేది ఫోన్. కొన్ని గురుకులాల్లో ఇంటికి మాట్లాడుకోవడానికి గోడకు కార్డు ఫోన్లు పెట్టారు, మంచి పనే. అవి మన ఆశ్రమ పాఠశాలలన్నిటికీ రావాలి. పక్కన ఎవరూ నిలబడి వినకుండా, గోండిలో, కోయలో, కొలామీలో మాట్లాడుకోనివ్వాలి. తెలుగులోనే మాట్లాడు అని గదమాయించే చోట ఫోన్ ఉన్నా దండగే. ఇంకా 1098 ఉంది, డబ్బులు పడవు. ఆ నంబరు ఎంతమంది పిల్లలకు నోటికి వచ్చో ఈసారి పోయినప్పుడు అడిగి చూడండి.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. కుమురం భీం జోడేఘాట్‌లో అమరుడైంది 1940లో. ఆ తర్వాత మన ప్రాంతానికి వచ్చిన హైమన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకే శిక్షణ మొదలుపెట్టించాడు. గోండిలో వాచకాలు తయారు చేయించాడు. పాఠం చెప్పేవాడు పిల్ల భాష తెలిసినవాడు, పిల్ల బంధువుల్ని ఎరిగినవాడు అయితే పిల్ల ముఖం చూసే ఏదో తేడా ఉందని పసిగడతాడు. దానికి యాప్ అక్కర్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరిలో వచ్చిన జీవో 3 మనకు అందుకే ముఖ్యం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు మనం ఉద్యోగాలు పోయాయని ఏడ్చాం. ఉద్యోగాలతో పాటు, రాత్రిపూట పిల్ల కలవరింత అర్థం చేసుకునే మనిషి కూడా పోయాడు. జీవో 3 కోసం మాట్లాడేటప్పుడు ఈ మాట కూడా అనాలి మనం.

ఇక ముఖం చూసి హాజరు వేసే పద్ధతి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇది 2023 నుంచి వచ్చింది. పిల్ల ఉందా లేదా అన్నదే అది చెప్తుంది. జ్వరంతో ఉన్న పిల్ల కూడా దాని లెక్కలో హాజరే. ఆ ఫొటోలు ఎక్కడ దాస్తారు, ఎన్నేళ్లు ఉంచుతారు, ఎవరు చూస్తారు అని మన తల్లిదండ్రులకు ఎవరన్నా చెప్పారా? సంతకం అయితే తీసుకుని ఉండొచ్చు. అడ్మిషన్ రోజు ఎన్ని కాగితాల మీద వేలిముద్ర వేయించుకుంటారో మనకు తెలుసు కదా. స్వీడన్‌లో షెలెఫ్టియో అనే ఊళ్లో ఒక బడి ఇట్లాగే 22 మంది పిల్లలకు ముఖం చూసి హాజరు వేసింది. 2019లో అక్కడి సమాచార రక్షణ సంస్థ రెండు లక్షల క్రోనార్లు జరిమానా వేసింది. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు కదా అని బడి వాదించింది. బడి మీద ఆధారపడినవాళ్ల ఒప్పుకోలు స్వేచ్ఛగా ఇచ్చింది కాదు, చెల్లదు అన్నారు. అంత చదువుకున్న దేశంలో తల్లిదండ్రుల సంతకమే చెల్లనప్పుడు మా బాపు వేలిముద్ర ఎట్లా చెల్లుతుంది?

మన దేశంలో 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలతో గోప్యత ప్రాథమిక హక్కు అంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. కానీ అందులో మినహాయింపులకు చోటు ఉంచారు. దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

మన చేతిలో వేరేది ఉంది. 1996 పెసా చట్టం. అందులో నాలుగో సెక్షన్ తీసి చదవండి. సామాజిక రంగాల సంస్థల మీద, అక్కడ పనిచేసే ఉద్యోగుల మీద నియంత్రణ గ్రామసభకు, పంచాయతీలకు ఉండాలని రాసి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో నియమాలు కూడా వచ్చాయి. పెసా అనగానే మనం ఇసుక, భూమి, కల్లు అంటాం. ఆశ్రమ పాఠశాల సామాజిక రంగ సంస్థ కాదా? మన ఊళ్లో ఉన్న బడికి ఏ రోజు తల్లిదండ్రులు పోవచ్చో గ్రామసభ ఎందుకు చెప్పకూడదు? అంగడి రోజు అని తీర్మానం చేయండి. హాలుకు బయట తాళం వేయొద్దని తీర్మానం చేయండి. కెమెరాల సంగతి సమాచార హక్కు కింద అడగండి. ఎన్ని ఉన్నాయి, ఎవరు చూస్తున్నారు, ఎన్ని రోజులు దాస్తున్నారు, పిల్లల్ని శిక్షించడానికి వాడొచ్చని ఏ ఉత్తర్వులో ఉంది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తెల్ల రేషన్ కార్డు జిరాక్సు జత చేస్తే ఫీజు కూడా పడదు.

వార్డెన్ల మీద కోపంతో పోకండి. వాళ్లలో మన అక్కలు, అన్నలు కూడా ఉన్నారు. నాలుగు వందల మంది పిల్లలకు ఒక్క మనిషి, ఏదన్నా అయితే ముందు సస్పెండ్ అయ్యేది ఆ మనిషే. భయంతో తాళం వేస్తారు. ఆ భయం గురించి కూడా వాళ్లతో కూర్చుని మాట్లాడాలి.

మేం నలుగురం కలిసి తీర్మానం ఒకటి తెలుగులో రాశాం. గోండిలోకి మారుస్తున్నాం. కోయలో, కొలామీలో చెప్పగలిగినవాళ్లు ఉంటే కబురు పెట్టండి. వచ్చే అంగడి రోజు నేను చెల్లి బడికి మళ్లీ పోతున్నాను, ఈసారి ఆ రాయిసెంటర్ పెద్దాయన కూడా వస్తానన్నాడు. గేటు కాడ ఎంతసేపు నిలబెడతారో చూసి చెప్తాను.

జై సేవా.