ఏ ఊరి పల్లాకు?

ఈ కాకినాడ ఉక్కపోతలో నల్లగౌన్లు వేసుకుని ఓపిగ్గా కూర్చున్న పట్టభద్రులారా!

మీ భవిష్యత్తు గురించి చెప్పడానికి నేను జ్యోతిష్కుణ్ని కాను. మొక్కల వైరస్‌లు చూసేవాణ్ని. అందుకని బెండకాయ గురించి చెబుతాను.

కొన్నేళ్ల క్రితం పిఠాపురం వైపు ఒక రైతు అడిగారు: "మా బెండచేనంతా పల్లాకు వచ్చేసిందండి. కడియం దగ్గర మా బావమరిదీ ఇదే విత్తనం వేశాడండి. ఆడిది పచ్చగా ఉంది. విత్తనం ఒకటే కదండీ, మరి నాకే ఎందుకొచ్చిందంటారు?" తెగులును మోసే తెల్లదోమకు మందు కొట్టమన్నాను. సలహా తప్పేమీ కాదు. ఆయన అడిగింది మాత్రం అది కాదు.

ఈనెలు పసుపెక్కి, ఆకు పాలిపోయి, కాయ గిడసబారే ఈ పల్లాకు తెగులును మన దేశంలో 1924లోనే గుర్తించారు. తెగులు పేరు ఒకటే, వెనకున్న జెమిని వైరస్ ఒకటి కాదు. ఒక్కోదాని జన్యురాశి దాదాపు 2,700 అక్షరాలు, అంటే మీ హాల్‌టికెట్ వెనక నిబంధనలంత! రెండు వైరస్‌ల అక్షరాలు 91 శాతం కూడా కలవకపోతే వేరే జాతి అంటాం. 94 శాతం కలవకపోతే అదే జాతిలో వేరే స్ట్రెయిన్. రెండూ ఒకే మొక్కలో చేరితే ముక్కలు మార్చుకుని మూడోది పుట్టొచ్చు. వీటికి తోడు, వైరస్ జన్యురాశిలో సగముండే ఉపగ్రహ డీఎన్‌ఏ ఒకటి. అది లేకుండా వైరస్‌ను మాత్రమే ఎక్కిస్తే బెండాకు ముడుచుకుందే గానీ ఈనెలు పసుపెక్కలేదని 2003లో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు.



1950ల్లో ఢిల్లీలో తయారైన పూసా సావని బెండ రకం ఈ తెగులును తట్టుకుంటుందనే పేరు తెచ్చుకుంది, తర్వాత లొంగిపోయింది. అడవి బెండతో కలిపి బెంగళూరులో రూపొందించిన అర్క అనామిక పట్టు కూడా క్రమంగా సడలింది. అందుకే "తెగులు తట్టుకునే రకం" అని ప్యాకెట్ మీద రాసినప్పుడు, ఏ ఊరి వైరస్‌ను, ఏ ఏటి వైరస్‌ను తట్టుకుంటుందో కూడా రాయాలని నా పిచ్చి కోరిక.

ఆ రైతు అడిగిన రోజు నేను రెండు చేలల్లోంచి ఒక్కో ఆకు పరీక్షకు తెచ్చుకుని ఉంటే సరిపోయేది. కవర్లు జేబులోనే ఉన్నాయి. తెచ్చుకోలేదు.

రైతుబజారులో పాలిపోయిన బెండకాయ కనబడితే, బేరమాడే ముందు ఏ ఊరిదని అడగండి. పిఠాపురం వైపుదంటే నాకు కబురు చెయ్యండి. ఆయనకు జవాబు బాకీ ఉన్నాను.